నీటిమీది రాతకు నకలు



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆహ్వానపత్రిక మీద ఉంది. ఆ పేరు నేను మళ్లీ మళ్లీ ఎత్తను. బతికున్న రోజుల్లో సభల్లో ఎవరైనా తన పేరుకు ముందు విశేషణాలు తగిలించడం మొదలుపెడితే ఆయన మంచినీళ్ల నెపంతో లేచి బయటికి వెళ్లిపోయేవారు. డెస్కులో మాకందరికీ ఆయన మాస్టారు. పత్రికలోకి రాకముందు కొన్నేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పారు. బడి వదిలిపెట్టారు గానీ ఎర్ర పెన్సిలు వదిలిపెట్టలేదు.

నిర్వాహకులు విషయం నా ఇష్టానికే వదిలేశారు. పత్రికలో టీవీ విమర్శకుడి బతుకు గురించి మాట్లాడతానంటే ఫోనులో అవతల కాసేపు చప్పుడు లేదు. "టీవీ చూసినందుకు జీతమిచ్చేవాళ్లా అండీ?" అని ఆ తర్వాత ఒకాయన నెమ్మదిగా అడిగారు. ఇచ్చేవాళ్లు. నాకు ఇచ్చింది తక్కువే. కానీ లండన్‌లో ఒకాయన ఆ పని పదేళ్లు చేసి, దాన్నొక సాహిత్య ప్రక్రియగా నిలబెట్టాడు. ఆయన పేరు క్లైవ్ జేమ్స్. ఆయన పుస్తకాన్ని నాచేత చదివించింది మాస్టారు. ఇవాళ ఈ ఇద్దరి గురించీ కలిపి చెప్పుకుంటాను.

అప్పటికే చూసినవాళ్లకు

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1980ల నడిమికి వచ్చేసరికి మా ఆదివారం అనుబంధంలో టీవీకి అరపేజీ కేటాయించారు. ఆ అరపేజీని డెస్కులో అందరికన్నా చిన్నవాడినని నా మొహాన కొట్టారు. మొదటి వారం ఒక సీరియల్ మీద రాశాను. రెండు పేరాల్లో కథ చెప్పి, మూడో పేరాలో నటీనటులు తమ పాత్రలకు న్యాయం చేశారని ముగించాను. మాస్టారు కాగితం అందుకుని, మొదటి రెండు పేరాల మీద అడ్డంగా ఒక గీత, మూడో పేరా మీద ఇంకో గీత పెట్టారు. మిగిలింది నా పేరు.

"ఒరే నాయినా, ఇదంతా నిన్న ఊరందరూ సూసిందే గదా. నువ్వేటి సూసినావో అది రాయి" అన్నారు.

మాస్టారిది శ్రీకాకుళం వైపు. హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లున్నా ఆ యాస చెక్కు చెదరలేదు. ఆ మాటకు అప్పుడు నాకు చిన్నబోయినట్టయింది. అందులోని లోతు అర్థమవడానికి చాలా కాలం పట్టింది.

సినిమా సమీక్ష సంగతి చూడండి. పాఠకుడు ఇంకా సినిమా చూడలేదు. టికెట్టు కొనాలా, మానాలా అని సమీక్షకుణ్ణి అడుగుతున్నాడు. పుస్తక సమీక్షదీ అదే దారి. సమీక్షకుడు ఊరికి ముందే వెళ్లొచ్చినవాడు, పాఠకుడు ఇంకా బయల్దేరనివాడు. టీవీ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. ఆ రోజుల్లో ప్రసారం అయిపోయిందంటే అయిపోయినట్టే, మళ్లీ చూద్దామన్నా దొరకదు. ఆదివారం నా కాలమ్ తెరిచేవాడు ఆ కార్యక్రమం చూసే ఉంటాడు, లేదా ఇక ఎప్పటికీ చూడడు. రెండు రకాల వాళ్లకీ నా సిఫార్సుతో పనిలేదు. మరి ఎందుకు చదవాలి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోగలిగినవాడే టీవీ విమర్శకుడు.

కచేరీ సమీక్ష దీనికి కాస్త దగ్గర చుట్టం. నిన్న సభలో ముందు వరసలో కూర్చుని తోడి రాగం విన్నవాడే ఇవాళ పేపర్లో ఆ తోడి గురించి వెతుకుతాడు. తను విన్నది ఇంకొకడు ఎలా విన్నాడో తెలుసుకోవాలని ఉంటుంది. కచేరీకి వచ్చేది కొన్ని వందల మంది. టీవీకి ఆ వందలు కోట్లవుతాయి. అంతమంది ఒకే సాయంత్రం ఒకే వస్తువును చూస్తే, దాని గురించి మర్నాడు మాట్లాడేవాడు ఎంత జాగ్రత్తగా చూసి ఉండాలి!

మాస్టారి మాట నాకు మొదటిసారి వంటబట్టింది 1987లో. జనవరి 25న రామాయణం మొదలైంది, ప్రతి ఆదివారం ఉదయం. నాకు సొంతంగా టీవీ లేదు. మేం అద్దెకున్న ఇంటివాళ్ల హాల్లో చూసేవాణ్ణి. ఒక వారం లోపల జాగా లేక గుమ్మంలోనే నిలబడిపోయాను. తెర సగమే కనిపిస్తోంది. చూపు కిందికి పోయింది. వాకిట్లో చెప్పులు, 31 జతలు. మామూలు రోజుల్లో ఆ ఇంట్లోకి చెప్పులతోనే నడిచేసే పాలబ్బాయి కూడా ఆ రోజు బయటే విడిచాడు. ఆ వారం కాలమ్‌లో కథ లేదు, నటన లేదు, చెప్పుల గురించే రాశాను. మాస్టారు గీత పెట్టకుండా కాగితం ప్రెస్సుకు పంపేశారు. ఆయన దగ్గర అదే పద్మశ్రీ.

ఆ నెలలోనే ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం ఒకటి నా బల్ల మీద పెట్టారు. పేరు 'ది క్రిస్టల్ బకెట్'. అట్ట చిరిగిపోయింది. లోపల లండన్ పత్రికలో అచ్చయిన టీవీ కాలమ్స్. అందులోని కార్యక్రమాల్లో ఒక్కటి కూడా నేను చూడలేదు. అయినా పుస్తకం రెండు రాత్రుల్లో ముగిసింది. చూడని కార్యక్రమాల మీద సమీక్షలు అంత ఆబగా ఎలా చదివానన్నదే నాకు మిగిలిన ప్రశ్న.

సిడ్నీ కుర్రాడు

క్లైవ్ జేమ్స్ ఇంగ్లీషువాడు కాడు, ఆస్ట్రేలియావాడు. 1939 అక్టోబర్ 7న సిడ్నీ శివారు కొగరాలో పుట్టాడు. తండ్రి రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యానికి ఖైదీగా చిక్కాడు. ఆ చెరలో బతికి బయటపడ్డాడు. యుద్ధం ముగిసి ఇంటికి వస్తుంటే, దారిలో తుఫానుకు విమానం కూలి పోయాడు. కొడుక్కి అప్పటికి ఆరేళ్లు నిండలేదు. తల్లి ఫ్యాక్టరీ పనికి వెళ్లి పెంచింది. శత్రువు చేతిలో చావని మనిషి ఇంటిదారిలో పోవడమనే ఆ దెబ్బ జేమ్స్ రాతల్లో చివరిదాకా సలుపుతూనే ఉంటుంది. అంత నవ్వించే మనిషి నియంతల ప్రస్తావన వస్తే చప్పున గంభీరమైపోవడానికి మూలం అక్కడుందని నా అనుమానం.

సిడ్నీ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి పత్రికలో కొంతకాలం పనిచేసి, 1960ల మొదట్లో లండన్ చేరాడు. చిల్లర పనులు చేసుకుంటూ నెట్టుకొచ్చాడు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో పెంబ్రోక్ కాలేజీలో చేరాడు. అక్కడి విద్యార్థుల హాస్యనాటక బృందం ఫుట్‌లైట్స్‌కు అధ్యక్షుడయ్యాడు. షెల్లీ మీద మొదలుపెట్టిన పరిశోధన గట్టెక్కలేదు. పరిశోధన పోయి పత్రిక దొరికింది. ముందు బీబీసీ వారి 'ది లిజనర్'లో టీవీ మీద రాశాడు. 1972లో 'ది అబ్జర్వర్' పిలిచింది. 1791లో పుట్టిన ఆదివారం పత్రిక అది. అక్కడ 1982 దాకా వారం వారం రాశాడు.

ఆ పత్రికలో ఆయనకూ ఒక మాస్టారు ఉన్నారు. సాహిత్య పేజీల సంపాదకుడు టెరెన్స్ కిల్మార్టిన్. ప్రూస్ట్ మహానవల ఇంగ్లీషు అనువాదాన్ని సరిదిద్ది 1981లో కొత్తగా తెచ్చిన మనిషి. పగలు టీవీ కాలమ్ దిద్దడం, రాత్రి ప్రూస్ట్ దిద్దడం. రెండింటికీ ఒకే పెన్సిలు అన్నమాట. టీవీ పేజీని నిర్లక్ష్యంగా దిద్దే పత్రికలో క్లైవ్ జేమ్స్ తయారయ్యేవాడు కాదు. ఇది గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నన్నూ ఒక మాస్టారు దిద్దారు.

మూడు చానళ్ల ఊరు

ఆయన కూర్చున్న కాలం ఎలాంటిదో చెప్పాలి. 1972లో బ్రిటన్ మొత్తానికి మూడే చానళ్లు. బీబీసీవి రెండు, ఐటీవీ ఒకటి. నాలుగోది 1982 నవంబర్‌లో గానీ రాలేదు. ఇంట్లో రికార్డు చేసుకునే యంత్రాలు అప్పుడప్పుడే అంగట్లోకి వస్తున్నాయి, సామాన్యుడికి అందవు. అంటే దేశమంతా మూడు అరుగుల మీద కూర్చుని చూసే ఊరు. 1973 డిసెంబర్‌లో బొగ్గు గనుల ఆందోళనతో కరెంటు కరవొస్తే, ప్రభుత్వం రాత్రి పదిన్నరకే ప్రసారాలు కట్టేయమంది. కొన్ని వారాలపాటు దేశమంతా ఒకే గంటకు చీకటి తెర ముందు మిగిలింది.

ఆ మూడు అరుగుల మీద వడ్డన మాత్రం తక్కువేమీ కాదు. జేమ్స్ చేరిన ఏడాదే బీబీసీ టాల్‌స్టాయ్ 'యుద్ధము–శాంతి'ని 20 భాగాలుగా ప్రసారం చేసింది. పియరీగా వేసింది ఆంథనీ హాప్కిన్స్. 1973లో గణితవేత్త బ్రోనోవ్‌స్కీ 'ది అసెంట్ ఆఫ్ మ్యాన్', 13 భాగాలు. అదే ఏడాది శరత్తులో ఐటీవీలో 'ది వరల్డ్ ఎట్ వార్' 26 భాగాలు, వ్యాఖ్యానం లారెన్స్ ఒలివియర్. పక్కనే వారానికి రెండుసార్లు వచ్చే వీధి సీరియల్ 'కొరొనేషన్ స్ట్రీట్', ఫుట్‌బాల్, కుక్కల పోటీలు, అందాల పోటీలు, యూరప్ పాటల పోటీ, ఎన్నికల రాత్రులు.

అంతకుముందూ టీవీ విమర్శకులు లేకపోలేదు. అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ తరఫున జాక్ గౌల్డ్ 1940ల చివరి నుంచే రాస్తున్నాడు. ఆయన మాటంటే చానళ్ల యజమానులకు హడలు. లండన్‌లో గార్డియన్ పత్రికలో నాన్సీ బ్యాంక్స్-స్మిత్ అనే మహాతల్లి జేమ్స్ కన్నా ముందే కూర్చుని ఉంది. మొండి హాస్యం ఆవిడది. రాణిగారి బిరుదు ఇవ్వబోతే వద్దని పంపించేసింది. ఇంకొంచెం వెనక్కు వెళితే డెనిస్ పాటర్ 1960ల మొదట్లో డైలీ హెరాల్డ్‌లో టీవీ విమర్శకుడు. తర్వాత ఆయనే ఆ దేశపు గొప్ప టీవీ నాటకకర్త అయ్యాడు.

మరి జేమ్స్ చేసిన కొత్త పని ఏమిటి? వడ్డించినదంతా ఒకే విస్తట్లో పెట్టుకుని, దేనికీ ముక్కు చిట్లించకుండా తినడం. అంతకుముందు పెద్దమనిషి విమర్శకుడంటే నాటకాలు, డాక్యుమెంటరీలు చూసి రాసేవాడని లెక్క. మిగతాదంతా చెత్త. చెత్త గురించి రాస్తే చేతులు మురికవుతాయి. జేమ్స్ వచ్చి ఒకే కాలమ్‌లో టాల్‌స్టాయ్‌నూ ఆటల వ్యాఖ్యాతనూ పక్కపక్కన కూర్చోబెట్టాడు. టాల్‌స్టాయ్‌ని చూసిన శ్రద్ధతోనే వ్యాఖ్యాతనూ చూశాడు. జనం నిజంగా చూసేది ఈ రెండింటినీ కలిపే కదా. ఏడింటికి వార్తలు, ఏడున్నరకు వంట, ఎనిమిదింటికి యుద్ధం. మనసు వాటిని వేరు వేరు డబ్బాల్లో పెట్టుకోదు.

వాక్యం దగ్గర

ఆయన హాస్యం సంగతి అందరికీ తెలుసు. కండల పోటీల డాక్యుమెంటరీలో కనిపించిన కుర్ర ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ దేహాన్ని ఆయన అక్రోట్లతో ముడిపెట్టి ఒక పోలిక చేశాడు. ఆ అక్రోట్లు దేంట్లో పోసి ఉన్నాయో సభామర్యాద కోసం చెప్పను. ప్రపంచమంతా తిరిగింది ఆ మాట. చివరికి ఆయన మరణవార్తల్లో కూడా వచ్చింది. పదేళ్లు, వందల కాలమ్స్, చివరికి ఒక కాయ మిగిలింది. హాస్యగాడి శాపం అదే.

కానీ ఆ పోలికలో నవ్వు ఎక్కడ పుట్టిందో చూడండి. ఆయన మనిషిని తిట్టలేదు. తెర మీద ఏం కనిపిస్తోందో మనకంటే నిక్కచ్చిగా చూశాడు. ఎండకు మాగిన చర్మం, దాని కింద ఒకదానితో ఒకటి పొసగక తోసుకుంటున్న ఉండలు. ఆ మాట చదివాక ఆ దేహాన్ని ఇంకోలా చూడలేం. మంచి పోలిక అంటే అలంకారం కాదు, అది చూపు. మన అవధానులకూ, పల్లెటూరి ముసలమ్మలకూ బాగా తెలిసిన విద్యే ఇది. మనిషిని చూడగానే ఒక్క ముక్కలో కట్టిపడేసే పేర్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

ఆయన చెవి ఇంకా పదునైనది. వార్తలు చదివేవాళ్ల ఒత్తులు, ఆటల వ్యాఖ్యాతల తడబాట్లు, నాయకులు గొంతు మార్చే క్షణాలు అన్నీ పట్టుకునేవాడు. 1975లో కన్సర్వేటివ్ పార్టీ పగ్గాలు చేపట్టిన మార్గరెట్ థాచర్ విషయంలో ఆయన మొదట విన్నది ఆమె విధానాలను కాదు, గొంతును. తర్వాత ఆమె శిక్షణ తీసుకుని ఆ గొంతు మార్చుకున్న సంగతి చరిత్రకెక్కింది. బయటి ఊరి నుంచి వచ్చినవాడికి వచ్చే లాభం ఇదేననుకుంటాను. లండన్‌వాడికి లండన్ ఇంగ్లీషు గాలి లాంటిది, వినిపించదు. సిడ్నీవాడికి ప్రతి అచ్చూ వినిపిస్తుంది. మాస్టారూ అంతే. టీవీలో యాంకరమ్మలు అన్ని జిల్లాల తెలుగునూ ఇస్త్రీ చేసి ఒకే మడత పెడుతున్నారని మాలో అందరికన్నా ముందు గొడవపడింది ఆయనే. "మా ఊరి మాట తెర మీద కామెడీవోడి నోటే ఇనబడతాది. ఈరో నోట ఎప్పుడినబడతాదో" అనేవారు.

నవ్వించే విమర్శకుడు బరువైన చోట ఏం చేస్తాడన్నది అసలు పరీక్ష. 'ది అసెంట్ ఆఫ్ మ్యాన్'లో ఒక దృశ్యం ఉంది. బ్రోనోవ్‌స్కీ నాజీల ఆష్‌విట్జ్ శిబిరం పక్కన చెరువు గట్టున నిలబడి మాట్లాడుతూ, సూటూ బూట్లతోనే నీళ్లలోకి దిగి, వంగి, పిడికెడు బురద తీస్తాడు. ఆయన సొంత బంధువుల బూడిద కలిసిన చెరువు అది. చేసిందంతా నాలుగు అడుగులు వేయడం. పుస్తకంలో అది ఒక వాక్యం. నాటకంలో అతి. టీవీలో మాత్రం మన గదిలోనే ఒక ముసలాయన బూట్లు తడుపుకున్నట్టుంటుంది. చిన్నతెరకు ఇలాంటి శక్తి ఉందని నమ్మినవాడే అందాల పోటీ మీద జోకులు వేయడానికి అర్హుడు. జేమ్స్ నమ్మాడు. 1978లో అమెరికా నుంచి 'హోలోకాస్ట్' సీరియల్ వస్తే, అంత పెద్ద ఘోరాన్ని సీరియల్‌గా కుదించడమేమిటని చదువుకున్నవాళ్లు చాలామంది ఈసడించారు. జేమ్స్ లోపాలు చూస్తూనే దాన్ని కొట్టిపారేయలేదు. తండ్రి యుద్ధం నుంచి తిరిగిరాని కుర్రాడు కదా, తెలియనివాళ్లకు తెలియడమనేది చిన్న విషయమేమీ కాదని ఆయనకు తెలుసు.

గట్టు దాటడం

1982లో ఆయన కాలమ్ మానేశాడు. అప్పటికి రెండు సంపుటాలు వచ్చాయి, 1977లో 'విజన్స్ బిఫోర్ మిడ్‌నైట్', 1981లో 'ది క్రిస్టల్ బకెట్'. మూడోది 'గ్లూడ్ టు ద బాక్స్' 1983లో వచ్చింది. టీవీ విమర్శ పుస్తకంగా రావడం, వచ్చి అమ్ముడవడం అప్పటికి వింతే. మానేసిన ఏడాదే ఐటీవీలో 'క్లైవ్ జేమ్స్ ఆన్ టెలివిజన్' మొదలైంది. గట్టు మీద కూర్చుని చేపల గురించి రాసేవాడు చెరువులో దూకాడు.

ఆ కార్యక్రమంలో దేశదేశాల టీవీ ముక్కలు చూపించి వ్యాఖ్యానించేవాడు. అందులో పేరు మోసింది జపాన్ కార్యక్రమం 'ఎండ్యూరెన్స్'. పోటీదారులు రకరకాల హింసలు ఓర్చుకోవాలి. బ్రిటిష్ జనం విరగబడి నవ్వారు. నాకు ఇక్కడ ఆయనతో పేచీ ఉంది. ఇంకొకరి టీవీని ముక్కలు చేసి, భాష తెలియని జనానికి చూపించి నవ్వించడం సులువు. ఏ ముక్క ముందు ఏముందో, వెనక ఏముందో తెలియదు. తను పదేళ్లు రాసిన కాలమ్స్‌లో ఎన్నడూ చేయని పని అది. మన సీరియళ్లలో కోడలి మొహాన్ని మూడుసార్లు మెరుపులతో చూపించే ముక్కలు విదేశాల్లో నవ్వులాటకు తిరుగుతుంటే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. ఆయన తర్వాతి కాలంలో జపనీస్ భాష నేర్చుకున్నాడని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగింది.

ఆ తర్వాత టీవీలో దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. నగరాల మీద యాత్రా కార్యక్రమాలు చేశాడు, బొంబాయి కూడా వచ్చి వెళ్లాడు. 1993లో కీర్తి అనే పదార్థం మీదనే ఒక పెద్ద సీరియల్ చేశాడు. బాగా సంపాదించాడు, ముఖం అందరికీ తెలిసింది. కానీ ఇవాళ ఆ కార్యక్రమాలు ఎంతమందికి గుర్తున్నాయి? వాటికంటే ముందు, వాటికంటే తక్కువ డబ్బుకు రాసిన కాలమ్సే ఇంకా చదువుతున్నారు. లండన్ పత్రికల నుంచే ఇంకొక ఉదాహరణ ఉంది. గార్డియన్‌లో 2000 నుంచి పదేళ్లు 'స్క్రీన్ బర్న్' అనే టీవీ కాలమ్ రాసిన చార్లీ బ్రూకర్ ఆ తర్వాత 'బ్లాక్ మిర్రర్' సృష్టించాడు. పాటర్ దాటాడు, బ్రూకర్ దాటాడు. విమర్శ వాళ్లకు ఓనమాలు. జేమ్స్‌కు మాత్రం విమర్శే కావ్యం. అందుకే అవతలి ఒడ్డున ఆయన ఎప్పుడూ అతిథిలాగే కనిపిస్తాడు.

ఇక నా చిన్న కాలమ్ సంగతి. 1990ల మధ్యలో తెలుగులో ప్రైవేటు చానళ్లు వచ్చాయి. కాలమ్ రెక్కలు విప్పాల్సిన సమయం. ఒక సీరియల్ మీద నాలుగు ముక్కలు కటువుగా రాశాను. మర్నాడు ప్రకటనల విభాగం నుంచి ఒకాయన టీ పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, ఆ చానల్ ఏడాదికి మనకెంత ప్రకటన ఇస్తుందో చెప్పి వెళ్లాడు. అప్పటికి మాస్టారు రిటైరయ్యారు. రెండు నెలల్లో నా అరపేజీలో కార్యక్రమాల పట్టిక వచ్చి కూర్చుంది, పక్కన తారల ముచ్చట్లు. ఆ పత్రిక పేరు అనవసరం. ఆ టీ మాత్రం బాగుంది.

ఇది ఒక పత్రిక పాపం కాదు. తెలుగులో పెద్ద పత్రికల ఇళ్లే ఇప్పుడు చానళ్లూ నడుపుతున్నాయి. ఒకే పొయ్యి మీద వండి, ఒకే చేత్తో వడ్డించి, రుచి ఎలా ఉందో కూడా వాళ్లే చెప్పాలి. అబ్జర్వర్‌లో పదేళ్లు ఒకడు అన్ని చానళ్లనూ సమానంగా ఏకగలిగాడంటే, ఆ పత్రిక తానే చానల్ నడిపేది కాదు గనక.

చెరిపేసిన టేపులు

మొదట్లో ఒక ప్రశ్న వదిలిపెట్టాను. చూడని కార్యక్రమాల మీద సమీక్షలు నేను ఎందుకంత ఇష్టంగా చదివాను? దీనికి జవాబు చాలా ఏళ్ల తర్వాత, ఇంకో దారిన దొరికింది.

బీబీసీకి 1970ల చివరిదాకా తన కార్యక్రమాలన్నీ దాచుకునే పద్ధతి లేదు. వీడియో టేపు ఖరీదు. ఒకసారి ప్రసారమయ్యాక తుడిచి, మళ్లీ వాడేవారు. అలా 'డాక్టర్ హూ' తొలి ఏళ్ల ఎపిసోడ్లు ఎన్నో పోయాయి. పీటర్ కుక్, డడ్లీ మూర్ నవ్వించిన 'నాట్ ఓన్లీ బట్ ఆల్సో'లో చాలా భాగం పోయింది. 1969 జులైలో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన రాత్రి బీబీసీ తన స్టూడియో నుంచి చేసిన ప్రసారమూ పోయింది. చంద్రుడి మీది అడుగుజాడ అక్కడే ఉంది, దాన్ని చూస్తూ లండన్ స్టూడియోలో కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడారో లేదు.

దాచిన టేపుల్లో కూడా అన్నీ ఉండవు. రెండు కార్యక్రమాల నడుమ అనౌన్సర్ నవ్వు, వాతావరణం చెప్పేవాడి తడబాటు, ఓడిన ఆటగాడి మీద కెమెరా అవసరం కన్నా మూడు సెకన్లు ఎక్కువ నిలవడం, ఆ మూడు సెకన్లలో ఇంట్లో అందరూ మాట్లాడటం ఆపేయడం, వీటిని ఏ గోదాములోనూ దాచరు. టేపు తెరను దాస్తుంది, తెర ముందు కూర్చున్నవాణ్ణి దాచదు. ఆ పని విమర్శకుడిది. నేను చదివింది కార్యక్రమాల సమీక్ష కాదు, ఒక దేశం పదేళ్లపాటు సాయంత్రాలు ఎలా గడిపిందో ఆ లెక్క. రాసినవాడు దాన్ని ముందే చరిత్ర అనుకుని రాసి ఉంటే ఇంత పదిలంగా దొరికేది కాదు. వచ్చే ఆదివారానికి అని రాశాడు, అందుకే నిలిచింది.

టీవీ అంటే నీటిమీది రాత. పెద్దలు అంటుంటారు, నీటిమీది రాత నిలవదని. నిజమే, ఆ రాత నిలవదు. పక్కనే కూర్చుని దానికి నకలు తీసినవాడి కాగితం నిలుస్తుంది.

జేమ్స్ చివరి కాలం గురించి ఒక ముక్క చెప్పి ఆపేస్తాను. 2010లో ల్యుకేమియా బయటపడింది, దానికి తోడు ఊపిరితిత్తుల జబ్బు. డాక్టర్లు ఇచ్చిన గడువు దాటి బతికాడు. ఆ అదనపు ఏళ్లలో దాంతే 'డివైన్ కామెడీ' అనువాదం 2013లో తెచ్చాడు. మరో పక్క డైలీ టెలిగ్రాఫ్‌లో మళ్లీ టీవీ కాలమ్ రాశాడు. ముప్పై ఏళ్ల తర్వాత అదే బల్ల. 2016లో 'ప్లే ఆల్' అనే చిన్న పుస్తకం వచ్చింది. డీవీడీ పెట్టెలు ముందేసుకుని, కూతురితో కలిసి సీజన్లకు సీజన్లు చూసిన ముచ్చట్లు అవి. డ్రాగన్లుంటే చూడనని భీష్మించుకున్నవాడు 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'కు కూలబడిపోయాడు. 2019 నవంబర్ 24న కేంబ్రిడ్జ్‌లో పోయాడు, ఎనభై ఏళ్ల వయసులో.

ఆయన కాలమ్ మొదలుపెట్టినప్పుడు దేశమంతా ఒకే గంటకు ఒకే బొమ్మ చూసేది. ఆయన పోయేనాటికి ఎవరి ఫోను వాళ్లది, ఎవరి గంట వాళ్లది. ఇక టీవీ విమర్శకుడి పని ముగిసిందని చాలామంది అంటున్నారు. 'ప్లే ఆల్' చదివితే నాకు అలా అనిపించదు. ఒక సోఫా, ఇద్దరు మనుషులు, ఒకే కథ. "ఇందాక వాడెందుకలా చూశాడు?" అని ఒకరు, "అది కాదు, నువ్వు సరిగ్గా చూడలేదు" అని ఇంకొకరు. విమర్శ మొదలయ్యేది అక్కడే. కోట్ల మంది చూసినా, ఇద్దరే చూసినా, నువ్వేం చూశావన్న ప్రశ్న మారదు.

నిర్వాహకులకు ఒక మనవి. ఈ స్మారక నిధి వడ్డీ ఏటా ఈ సభకు, శాలువాకు, నాబోటి వాడి ప్రయాణపు ఖర్చుకు సరిపోతోందని విన్నాను. ఒక ఏడాది శాలువా మానేయండి. వేటపాలెం సారస్వత నికేతనంలోనూ, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ పాత తెలుగు పత్రికలున్నాయి. ఒక కుర్రాణ్ణో, అమ్మాయినో కొన్నాళ్లు కూర్చోబెట్టి, 1977 నుంచి తెలుగు పత్రికల్లో టీవీ మీద ఎవరు ఏ మూల ఏం రాసినా నకలు తీయించండి. పాఠకుల ఉత్తరాలు కూడా వదలొద్దు. మాస్టారు పేరు పెట్టకుండా దిద్దిన కాలమ్స్ అందులో ఎన్నో ఉంటాయి. గీతలు కనిపించవు గానీ, గీతలు పడ్డాక మిగిలిన మాటలు కనిపిస్తాయి.

అందులో 1987 నాటి చెప్పుల లెక్క కూడా ఎక్కడో ఉండాలి. నా దగ్గర ఆ కాగితం లేదు. మా ఇంటివాళ్లు పాత పేపర్లతో పాటు తూకానికేశారు. దొరికితే నాకొక నకలు పంపండి. 31 జతలో 32 జతలో ఒకసారి సరిచూసుకుంటాను. ఇవాళ సభలో తప్పు చెప్పి ఉంటే మాస్టారు ఊరుకోరు.